మేడం మొదటి ఫోన్

కాప్రాలో ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. దాన్ని నడిపే మేడం, కంప్యూటర్‌లో ఏది ఆగినా మా ఆఫీసుకు కాదు, నేరుగా నాకే ఫోన్ చేసేవారు. "బాబూ, జెర చూడు" అనేవారు. ల్యాబ్ వాడే సాఫ్ట్‌వేర్ మేం ఐదారుగురం కలిసి రాసిందే, అయినా ఆ ఫోన్ మాత్రం నాది. సైనిక్‌పురిలోని మా చిన్న ఆఫీసులో నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే. దాని మీద ఒకరి కన్ను పడిందని నాకు అనుమానం.

ఆ ఒకరు కూర్చునేది నా పక్క కుర్చీలోనే. నా తర్వాత రెండేళ్లకు ఉద్యోగంలో చేరింది. ఏ పని చెప్పినా సాయంత్రానికి ముగించి, టిఫిన్ డబ్బా కడుక్కుని వెళ్లిపోయేది. ఆమెను ఎవరైనా మెచ్చుకుంటే నాకు కడుపు మండేది. మనిషి మంచిదని తెలుసు. అందుకే ఇంకా ఎక్కువ మండేది.

ఒక సోమవారం పొద్దున్నే మేడం ఫోన్. "రిపోర్టులు ఎవ్వరికీ మెయిల్ పోతలేవు బాబూ. పేషెంట్లు కౌంటర్ కాడ కొట్లాడుతున్నరు."

ముందు రోజు రాత్రే ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను మా ఆఫీసు సర్వర్ నుంచి తీసి క్లౌడ్‌లో, అంటే ఇంకెక్కడో ఉన్న అద్దె కంప్యూటర్‌లో పెట్టాం. పెట్టింది నేనే. పాస్‌వర్డ్ చూశాను, సరిగ్గానే ఉంది. మా మెయిళ్లు చేరవేసే కంపెనీలో మా ఖాతా చూశాను, దానికీ ఏ జబ్బూ లేదు. అదే ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌లో నడిపితే మెయిల్ టక్కున వెళ్లింది. మళ్లీ నడిపాను, మళ్లీ వెళ్లింది. ఇక తప్పు మెయిల్ కంపెనీదేనని తేల్చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"నా దాంట్ల మంచిగనే పోతుంది సార్" అని ఆఫీసు నడిపే మా సార్‌కు చెప్పాను.

"ఇంట గెలిచినవు సరే, రచ్చ సంగతేందీ?" అన్నారాయన. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అదీ నాకు నచ్చలేదు.

అన్నం తిని వచ్చి, "అన్నా, క్లౌడ్ మిషన్ల నుంచే మెయిల్ కొట్టి చూసినవా?" అని అడిగింది.

"అవసరం లేదు" అన్నాను.

ఆమె వాదించలేదు. తన సీట్లో నుంచే ఆ అద్దె కంప్యూటర్‌లోకి లాగిన్ అయి, అక్కడి నుంచి మెయిల్ సర్వర్‌ను పిలిచింది. మేం వాడుతున్నది ఇరవై ఐదో పోర్టు. పోర్టంటే మెయిల్ బయటికి వెళ్లే తలుపు అనుకోండి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఐదు వందల ఎనభై ఏడో పోర్టుతో పిలిస్తే వెంటనే జవాబొచ్చింది. చెత్త మెయిళ్లు పంపేవాళ్ల భయంతో క్లౌడ్ వాళ్లు ఆ పాత తలుపును ముందే మూసి ఉంచుతారట. సెట్టింగులో ఆ నంబర్ మార్చింది. ఆగిన రిపోర్టులన్నీ కదిలాయి.

సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం అవి మళ్లీ ఆగితే బాగుండుననిపించింది.

మా ఆఫీసులో ఒక రివాజు ఉంది. లోపం ఎవరు పట్టుకుంటే వాళ్లే కస్టమర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. నేను తల తిప్పకుండా స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.

"నువ్వే చెయ్యన్నా. మేడం నీకే గదా చేసింది" అంది.

ఇదొకటి! గెలిచింది చాలక దానం కూడా చేస్తోంది. ఒళ్లు మండింది. అయినా ఫోన్ తీశాను. సార్ స్పీకర్ పెట్టమన్నారు.

"అయిపోయింది మేడం, రిపోర్టులు పోతున్నయి" అన్నాను. ఎవరు పట్టుకున్నారో చెప్పలేదు.

నా వెనక నుంచి సార్ గట్టిగా, "మా అమ్మాయి పట్టింది మేడం, ఒక్క గంటల తేల్చేసింది" అన్నారు.

"అట్లనా!" అన్నారు మేడం సంబరంగా. "ఆ బిడ్డ నంబర్ జెర పంపు బాబూ. మళ్ల గిట్లయితే ఊకె నిన్నెందుకు పరేషాన్ చేసుడు."

ఆవిడ నా మీద ప్రేమతోనే అన్నారు. నంబర్ పంపాను. పంపేముందు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. తప్పుగా కొట్టాలని వేళ్లు ఎంత లాగాయో నాకే తెలుసు.