చలికి ముందు పస్తు

ఫ్రిజ్ మెకానిక్‌కు తన చేతిపని మీద గట్టి నమ్మకం. కూల్‌డ్రింక్ షాపువాళ్లు పారేసిన అద్దాల ఫ్రిజ్‌ను బాగుచేసి వెనక గదిలో పెట్టాడు. అది పదమూడు డిగ్రీల దగ్గర కదలకుండా నిలిచేలా చేశాడు. ఏటా శీతాకాలంలో తన విషంలేని పెంపుడు పాములను రెండున్నర నెలలు అందులో నిద్రపుచ్చుతాడు. ఆ చలి తగలకపోతే అవి సరిగా జతకట్టవు. కిందటేడు ఫ్రిజ్ మొరాయించడంతో పెద్ద ఆడపాము గుడ్ల ఊసే ఎత్తలేదు. దానికి వయసు మీద పడుతోంది. ఈ ఏడూ తప్పితే ఆశ వదులుకోవలసిందే.

చలిలోకి పంపే ముందు వాటికి రెండు వారాలు పస్తు. అది ముగిసిన ఉదయం ఒక్కొక్కదాన్నీ డబ్బాలో పెట్టి తూచాడు. పెద్ద ఆడపాముకు జతైన మగపాము కాస్త తగ్గింది. పెద్దది ముప్ఫై గ్రాములు పెరిగింది. ఏమీ తినని ప్రాణి బరువెలా పెరుగుతుంది? పొట్ట కింద వేలితో మెల్లగా తడిమాడు. మధ్యలో ఉబ్బు తగిలింది.

భార్యను అడిగితే ఆవిడ వంటగది వైపు చూసింది. అక్కడ అత్తగారు గిన్నెలు తుడుస్తోంది. ఆ ఇంట్లో ఎవరి కడుపూ మాడనివ్వని మనిషి. అల్లుడికి పొట్ట వచ్చిందీ ఆవిడ చేతి చలవే.

"మొన్న ఒక ఎలుక వేశాను బాబూ. వాటి కోసం నువ్వు డీప్ ఫ్రిజ్‌లో దాచిందే, గోరువెచ్చని నీళ్లలో ఉంచే వేశాలే. పన్నెండు రోజులుగా అది నా వంకే చూస్తోంది."

"అది అందరి వంకా అలాగే చూస్తుంది అత్తయ్యా. దానికి రెప్పలుండవు."

భార్య నవ్వాపుకోలేక పక్కగదిలోకి వెళ్లిపోయింది. అతను మాత్రం కూర్చుని విడమరిచి చెప్పాడు. చలిలో పాము కడుపు పనిచేయదు, తిన్నది లోపలే కుళ్లుతుంది, పాము నిద్రలోనే పోతుంది. అత్తగారి ముఖం పాలిపోయింది.

"ఇప్పుడెలా బాబూ?"

"ఏముంది, ఆగుదాం. మగదాన్నీ ఆపుతాను. రెండూ కలిసే పడుకుంటాయి, కలిసే లేస్తాయి."

మిగతావి చలిలోకి వెళ్లాయి. ఈ జంట మాత్రం వెచ్చని పెట్టెల్లోనే ఉండిపోయింది. పెద్దదానికి తిన్నది అరిగి, కడుపు ఖాళీ అయ్యాకే అతను రోజుకు కొంచెం చొప్పున వేడి తగ్గించి, రెంటినీ ఫ్రిజ్‌లోకి మార్చాడు. మిగతా పాములు లేచే వేళకు ఈ రెండూ ఇంకా గాఢనిద్రలో ఉన్నాయి. బయట ఎండలు మొదలయ్యాయని అత్తగారు కంగారుపడితే, ఫ్రిజ్‌కు ఎండతో పనేమిటని తేల్చేశాడు. గడువు నిండాక మళ్లీ అంతే నిదానంగా వేడి పెంచాడు. పెద్దది కుబుసం విడిచాక మగదాన్ని దాని దగ్గరికి వదిలాడు.

వేసవి మధ్యలో, గుడ్లు పెట్టడానికని తడి నాచు నింపి ఉంచిన పెట్టెలో పదకొండు గుడ్లు కనిపించాయి. దొర్లితే లోపలి పిల్లకు ప్రమాదం. అత్తగారు టార్చి పట్టుకుంది. అతను ఒక్కో గుడ్డు పైన పెన్సిల్‌తో చుక్కపెట్టి, ఆ చుక్క పైకే ఉండేలా తీసి, పొదిగే డబ్బాలోకి మార్చాడు. ఆవిడ మరోసారి లెక్కపెట్టుకుని, మూత తనే పెట్టింది.