పదిహేడో బాయి

ఆరేళ్లుగా నేనొక బొగ్గు గనిని మోస్తున్నాను. మా గోదావరిఖనిలో గనిని బాయి అంటాం. ఉన్న బాయైతే ఏదో ఒక రోజు బొగ్గు అయిపోయి మూతబడేది. నాది లేని బాయి. అందుకే తరగడం లేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరు నన్ను ఎరగరు గనక.

ఫోన్లకూ ట్యాబులకూ మ్యాపుల యాప్‌లు తయారుచెయ్యడం నా పని. ఆఫీసంటే చౌరస్తా దగ్గర మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, నలభై బల్లులు. బల్లులు మూడే. నేను దేన్నైనా పెంచి చెప్తానని ఊరంతా అంటుంది. ఊరంతా కూడా కాదు, ఓ పదిమంది. ఇక ముందు చెప్పేదాంట్లో మాత్రం ఏదీ పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

మా ఊరి కోసం ఒక యాప్ చేశాను. కాలనీలు, క్వార్టర్ల లైన్లు, దవాఖానలు, నంబర్లతో సహా బాయిలు, అన్నీ బండి మీద తిరిగి నేనే ఎక్కించాను.

దావీదు బావ నాకు చుట్టం కాదు. మా పక్క లైను మనిషి, ఇరవై ఏళ్లు బాయిలో పనిచేసినవాడు, నా జోకులకు అందరికంటే ముందు నవ్వేవాడు. కల్లు మానేస్తానని చర్చిలో నలుగురి ముందు ఆయనతో మాట ఇప్పించింది ఆయన భార్య మార్తక్క. ఆయన మానలేదు. గోదావరి ఒడ్డున తాటివనానికి పోయే రోజుల్లో "పదిహేడో బాయి మీద డ్యూటీ పడ్డది" అని చెప్పి బయల్దేరేవాడు. ఆ నంబరు బాయి మా దగ్గర లేదు. కాలనీలో మగాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కడూ ఇంట్లో నోరు విప్పలేదు.

అక్కకు అనుమానం వచ్చింది. అప్పుడు నేను మ్యాపులో పదిహేడో బాయిని పెట్టాను. తాటివనం దగ్గర కాదు. అక్క వెతుక్కుంటూ వచ్చినా బావ దొరకకూడదు కదా. అందుకని ఊరికి ఇంకో చివర, ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిదిబ్బల వెనక, మేకలు కూడా పోని చోట పెట్టాను. అక్షాంశం, రేఖాంశం ఆరు దశాంశాల దాకా ఇచ్చాను. లేనిదానికి అంత కచ్చితత్వం ఎందుకు? నవ్వుకోవడానికే. అక్క ఫోన్లో యాప్ కూడా నేనే ఎక్కించాను. ఆమె ఆ గుర్తును వేలితో తాకి చూసి, "ఉన్నది మరి. ఊకెనే అనుమానపడ్డ" అంది. ఆ సాయంత్రం బావా నేనూ కడుపు పట్టుకొని నవ్వాం.

తర్వాత మే నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం, ఎండకు తాళలేక కల్లు అమ్మే ఆయన కూడా ఇంటికి పోయాడు. తాటివనంలో బావ ఒక్కడే మిగిలాడు. ఛాతీలో నొప్పి లేచి అక్కకు ఫోన్ చేశాడు. "పదిహేడో బాయి కాడ ఉన్న, జల్ది రా" అన్నాడట. అంతే. మళ్లీ ఆ ఫోను ఎవరూ ఎత్తలేదు. అంత నొప్పిలో కూడా తాటివనం అని ఎందుకనలేదు? సిగ్గా? లేక చెప్పీ చెప్పీ, అలాంటి బాయి ఒకటి ఉందని ఆయనే నమ్మాడా?

అక్క అంబులెన్సు పిలిచింది. డ్రైవరు ఊరికి కొత్త. ఆమె మ్యాపు తీసి చూపించింది. మట్టిదిబ్బల మధ్య గంటసేపు తిరిగారు. ఆమె దిబ్బ ఎక్కి పేరు పెట్టి పిలిచిందట. ఆ గంటలోనే నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎప్పటిలాగే మొగుడి ఆరా అనుకొని, ఫోను బోర్లా పెట్టి టీ తాగాను. ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నాను.

గేదెలు మేపేవాళ్లు బావను తాటివనంలో చూసి, దవాఖానకు తెచ్చేసరికే అయిపోయింది. అరగంట ముందు తెస్తే ఏమైనా చేసేవాళ్లమని డాక్టరు అంటున్నప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. లోపలికి పోలేదు. ఆఫీసుకు పోయాను. మ్యాపులో గుర్తు తీసేశాను. దాన్ని ఎవరు పెట్టారో చెప్పే పట్టీలోంచి నా పేరూ తుడిచేశాను.

మర్నాడు సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక అక్క నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, నిన్న మ్యాపుల ఆ బాయి ఉండె. ఇయ్యాల కనవడ్తలేదేంది?"

"ఏ బాయక్కా?"

"పదిహేడోది. మీ బావ తాటిచెట్లల్ల దొరికిండంటే బాయి గాడనే ఉన్నట్టు గదా. మరి నేను దిబ్బల దిక్కు ఎందుకు పోయిన?"

"వేరేది నొక్కినవేమో. తొందరల గట్లయితది."

ఆమె చేతిలో ఫోను వైపు చూసుకుంది. "నాకే సూడరాలే, తమ్మీ. సదువుకున్నదైతే మనిషిని దక్కిచ్చుకునేది."

కాదనడానికి ఒక్క మాట చాలు. నేను ఆ ఫోను అందుకొని, యాప్ తీసేసి, "ఇది మంచిగ లేదక్కా" అని తిరిగి ఇచ్చాను.

ఇప్పుడామె బస్సు కూడా ఇద్దర్ని అడిగిగానీ ఎక్కదు. ఏటేటా బావ జ్ఞాపకార్థ కూడికకు నన్ను పిలుస్తుంది. ప్రార్థనలో, తన తెలివితక్కువతనానికి క్షమించమని దేవుణ్ణి పైకే అడుగుతుంది. నేను తల వంచుకొని వింటాను. ఆమెన్ కూడా అంటాను.

ఆమెకు చెప్పొచ్చు. చెప్తే ఆమె తప్పు పోతుంది. కానీ మొగుడు మాట తప్పి, అబద్ధమాడి పోయాడన్నది మిగులుతుంది. ఆమె మంచి కోసమే ఊరుకున్నానా? ఈ సాకు నాకు చాలా కాలం పనికొచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఇదొక్కటి రాస్తున్నాను. మార్తక్క ఆ రోజు మ్యాపును తప్పుగా చూడలేదు. చదువు రాని మనిషి, అంత కంగారులో, నేను పెట్టిన చోటికి అడుగు తేడా లేకుండా చేరుకుంది.