ఇంకొంచెం పిన్ని

హాస్టల్ క్యాంటీన్లో వంట చేసే ఆవిడని అందరూ ‘ఇంకొంచెం పిన్ని’ అంటారు. చాలు మొర్రో అన్నా వినకుండా కంచంలో మరో గరిటె పడేస్తుంది. ఎవరైనా అర్ధాకలితో లేచారంటే ఆ పూట ఆవిడకి ముద్ద దిగదు. మంచి గుణమే, కాదన్నదెవరు? కాకపోతే అలాంటి మనిషి చేతికి పసిగుడ్డు దొరికితే ఏమవుతుందో ఆవిడ ఇంట్లోనే తెలిసింది.

కూతురికి తొలి కాన్పు. ఇంటికొచ్చిన మర్నాడే మనవరాలు గుక్కపట్టి ఏడ్చింది. తల్లికింకా పాలు సరిగా పడలేదు. “పట్టిస్తూ ఉంటే అవే పడతాయి, డబ్బా పాలు మాత్రం వద్దు” అని నర్సమ్మ చెప్పే పంపింది. పిన్ని బుద్ధిగా తలూపింది కూడా. కానీ కూతురు స్నానానికి వెళ్ళగానే ఆ ఏడుపు భరించలేక, కొట్టుకెళ్ళినప్పుడు తెచ్చి బియ్యం డబ్బా వెనక దాచిన పాలపొడి కలిపి సీసాతో పట్టేసింది. పిల్ల హాయిగా నిద్రపోయింది. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఇక కూతురు కునుకు తీసినప్పుడల్లా అదే పని.

కడుపు నిండిన పిల్ల తల్లి రొమ్ము పట్టలేదు. తాగేవాళ్ళు లేక పాలూ పెరగలేదు.

“నాలోనే ఏదో లోపముందమ్మా. దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పేసుకుంటోంది. నేనంటేనే ఇష్టం లేదేమో దీనికి” అని కూతురు రోజూ ఏడ్చేది.

“పిచ్చి మాటలు మాట్లాడకు” అంటూ పిన్ని ఆ కళ్ళు తుడిచేది. తన వేళ్ళకింకా పాలపొడి వాసన. ఆ చెయ్యి గబుక్కున కొంగులో దాచుకునేది.

చూడ్డానికొచ్చిన నర్సమ్మ, “పైపాలేమైనా పడుతున్నారా?” అని అడిగింది.

“అయ్యో, చుక్క కూడా లేదండీ. మా అమ్మ ఉండగా ఇంట్లోకి రానిస్తుందా?” అంది కూతురు గర్వంగా.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. వంటింట్లోకి వెళ్ళి సీసా తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

“నేనే పట్టానమ్మా. అది ఏడుస్తుంటే చూడలేక...”

కూతురు సీసా వైపే చూస్తూ కూర్చుంది. “దాని ఏడుపు చూడలేకపోయావు సరే. నా ఏడుపు రోజూ చూశావుగా అమ్మా.”

నర్సమ్మే కలగజేసుకుని, పిల్ల బాగానే ఉందని, సీసా మెల్లగా ఎలా మాన్పించాలో చెప్పి వెళ్ళింది.

ఆ తర్వాత పిల్ల ఏడ్చినప్పుడల్లా పిన్ని కొంగు నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. కూతురు లోపలికి రమ్మనలేదు. ఒక మధ్యాహ్నం ఏడుపు ఆగి, పిల్ల తల్లి పాలు గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. ఆవిడ అక్కడే చతికిలబడి ఏడ్చింది.

కాన్పుకి పెట్టిన సెలవు అయిపోయాక మళ్ళీ క్యాంటీన్లో చేరింది. మొదటి పూట గరిటె ఎత్తి, కంచం మీద ఆపి, “వెయ్యనా?” అని అడిగింది.

“ఒంట్లో బాలేదా పిన్నీ?” అంది ఎదురుగా ఉన్న అమ్మాయి.