మళ్లీ మేడం, టైర్లో గాలి

మళ్లీ మేడం ఈ భూప్రపంచంలో నమ్మని మాట ఒక్కటే: "సరే."

ఎవరైనా "కుదరదు" అంటే చప్పున నమ్ముతారు. "పొండి, మా ఇంటికి రావద్దు" అన్నా నమ్ముతారు. "సరే" అన్నారో, ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంది. పైనుంచి రెండు కళ్లు పోలీసుల్లా తొంగిచూస్తాయి. "మళ్లీ అడుగుతున్నా" అంటారు. సోషల్ వర్కరు ఉద్యోగంలో ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. మళ్లీ మేడం అంటేనే పలుకుతారు.

ఆవిడ లెక్క ప్రకారం ఏ మాటైనా మూడుసార్లు అడగాలి. నలుగురిలో ఒకసారి, ఎవరూ లేనప్పుడు ఒకసారి, రెండు మూడు రోజులు పోయాక ఇంకోసారి. మూడింటికీ ఒకే జవాబొస్తేనే ఫైలెక్కుతుంది. పెళ్లికి ముందు కాబోయే ఆయన్ని కూడా అలాగే అడిగారట. రెండోసారికి ఆయనకి నత్తి పట్టుకుంది. మూడోసారికి వారం గడువు అడిగాడు. ఇప్పుడు సంచిచ్చి కూరగాయలకి వెళ్లమన్నా, ఆ మహానుభావుడు "సరే సరే సరే" అని మూడూ ఒకేసారి చెల్లించేసి వీధిలో పడతాడు.

వినేవాళ్లకి నవ్వులాటే. ప్రాణసంకటమంతా జీపు డ్రైవరుది. ఎందుకంటే ఆ రెండోసారి అడగడానికి ఇంట్లోవాళ్లని బయటికి పంపాలి కదా! దానికి ఆవిడ దగ్గరున్న ఉపాయం ఒక్కటే.

"బాబూ, కింద మా జీపు టైర్లో గాలి తగ్గినట్టుంది. కాస్త చూసొస్తారా?"

ఇక వాళ్లు దిగొచ్చి, అతను కన్నబిడ్డల్లా చూసుకునే టైర్లని టపటపా కాళ్లతో తన్నడం!

"గాలి తగ్గిందటగా?"

"తగ్గలేదండీ. రాయిలా ఉంది."

"మరి మేడం గారన్నారే?"

"ఆవిడకి పొద్దున్నే సూర్యుడొచ్చినా అనుమానమే. పైకి పదండి."

వాళ్లు పైకి, మేడం కోపం కిందికి. కిటికీలోంచి ఆవిడ చూసే చూపుకి ఇంజిను స్టార్టయిపోయేలా ఉండేది.

డ్రైవరుకీ ఆవిడ మీద ఓ అనుమానం ఉంది. రెండేళ్ల కిందట అతన్ని పెద్ద ఆఫీసరు కారుకి మారుస్తామన్నారు. ఏసీ కారు, తెల్ల యూనిఫారం. "సరే సార్" అన్నాడు. నాలుగో రోజుకి ఆర్డరు మాయం. ఆ మధ్యలో మళ్లీ మేడం ఆఫీసరు గదిలోకి వెళ్లిరావడం అటెండరు కళ్లారా చూశాడు. "ఏదో ఎక్కించింది నా మీద" అని అప్పట్నుంచీ డ్రైవరు అద్దంలో ఆవిడ మొహాన్ని దొంగ కోసం వెతికినట్టు వెతుకుతూనే ఉన్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది పెద్దమ్మ కేసు. నలభై ఏళ్లు చొక్కాలకి కాజాలు కుట్టి ఒంటరిగా బతికిన మనిషి. తుంటి విరిగి ఆసుపత్రి నుంచి చెల్లెలి కొడుకు ఇంటికి చేరింది. అక్కడే ఉండిపోతుందా, వృద్ధుల హాస్టల్లో ఖాళీ అయిన గదికి వెళ్తుందా, మేడం తేల్చాలి. శుక్రవారం సాయంత్రం దాటితే ఆ గది ఇంకొకరిది.

సోమవారం వెళ్లేసరికి చెల్లెలి కొడుకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పెద్దమ్మా, మేముండగా నీకు హాస్టలేంటి?" కోడలు చెయ్యి పట్టుకుంది. పిల్లలు చెరో వైపూ అతుక్కుపోయారు.

"సరే నాయనా. ఇక్కడే ఉంటా" అంది పెద్దమ్మ.

మందుల సంచి మోసుకొచ్చిన డ్రైవరు కూడా అమ్మయ్య అనుకుని సంచి అక్కడే దించేశాడు. జీపెక్కాక చూస్తే మేడం మొహం మాడ్చుకుని కూర్చున్నారు.

"ఏమైంది మేడం?"

"నాకు చాలా సంతోషంగా ఉందయ్యా."

"మంచిదేగా?"

"అదే అనుమానం. ఆ జవాబే రావాలని కోరుకుంటూ వెళ్లాను. ఫైల్లో సగం ముందే రాసేశాను కూడా. ఆమె సరే అన్నది ఆమె కోసమా, వాళ్ల కోసమా, నా మొహం చూసా?"

ఓరి నాయనో, ఈవిడ తన సంతోషాన్ని కూడా నిలదీస్తుందే అనుకున్నాడు డ్రైవరు.

మంగళవారం మళ్లీ వెళ్లారు. మళ్లీ టైరు. డ్రైవరు మళ్లీ "రాయిలా ఉంది" అన్నాడు. దంపతులిద్దరూ అరనిమిషంలో పైకెళ్లిపోయారు.

శుక్రవారం మధ్యాహ్నం దారిలో మేడం అందుకున్నారు. "మంగళవారం నీ వల్లే చెడింది. పెద్దమ్మ నోరు తెరవబోయి మూసేసుకుంది."

డ్రైవరుకి తిక్క రేగింది. "చెడగొట్టడం మీకు మాత్రం తెలియదా మేడం? నా కారు ఆర్డరు చెడగొట్టింది ఎవరో?"

మేడం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నేనే" అన్నారు మేడం. "అప్పుడు మీ ఆవిడ కాలు కట్టులో ఉంది. ఆఫీసరు కారు తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరాలి. నువ్వు సరే సార్ అంటూ తాళంచెవి గుప్పిట్లో నలిపేస్తున్నావు. ఆ సరే చెల్లదు, మళ్లీ అడగండి అని సార్‌కి చెప్పాను. ఆయన అడగలేదు, ఏకంగా ఆర్డరే కొట్టేశాడు. పోనీ, నేను అడిగానా? ఊరందర్నీ మూడేసిసార్లు అడిగేదాన్ని, నిన్ను ఒక్కసారైనా అడక్కుండా నీ తరఫున మాట్లాడాను. రెండేళ్లుగా చెప్పే ధైర్యం లేక దిగమింగుకుంటున్నా."

ఆ రోజుల్లో డ్రైవరు భార్యకి మంచం దగ్గరే అన్నం పెట్టి డ్యూటీకి పరిగెత్తేవాడు. నిజం చెప్పాలంటే, ఆ కారు మీద మోజు కట్టు విప్పాకే పుట్టింది.

ఇంటి ముందు ఆగారు. మేడం పైకెళ్లిన రెండు నిమిషాలకి మొగుడూ పెళ్లాలు దిగొచ్చారు. "గాలి..."

"గాలేంటి సార్, పంచరు!" అని కేక పెట్టాడు డ్రైవరు.

జాకీ అతని చేతిలో పెట్టాడు. నట్లు ఆమె దోసిట్లో పోశాడు. రాయిలాంటి టైరుని ఊడదీసి, చెవి ఆనించి విన్నాడు. నీళ్లు పోసి చూశాడు. "ఇక్కడే ఎక్కడో బుస్సుమంటోంది, వినండి" అని చెల్లెలి కొడుక్కి కూడా వినిపించాడు. పాపం అతను "అవునవును" అన్నాడు. ముప్పావుగంట!

పైనుంచి పిలుపొచ్చింది. అందరూ వెళ్లారు.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంటున్నారు మేడం.

"నేనే చెబుతా, నువ్వు పక్కన కూర్చో" అంది పెద్దమ్మ. "ఒరేయ్, మీరు మంచోళ్లురా. చెడ్డోళ్లైతే మొదటి రోజే చెప్పేసి పోయేదాన్ని. హాల్లో మంచం, చుట్టూ జనం, కన్ను మూస్తే తిన్నావా, తెరిస్తే తిన్నావా! నలభై ఏళ్లు నా తలుపు గడి నేనే పెట్టుకున్నా. నాకు గడి ఉన్న గది కావాలి. ఆదివారం పిల్లల్ని తీసుకురండి. తలుపు తట్టి రండి."

కోడలు ఏడవబోయి, పెద్దమ్మ మొహం చూసి నవ్వేసింది.

"మళ్లీ అడుగుతున్నా పెద్దమ్మా" అన్నారు మేడం.

"ఎన్నిసార్లు అడిగినా గడే!"

ఫైలెక్కింది. డ్రైవరు మాత్రం కోడలి గుప్పిట వైపు అనుమానంగా చూశాడు. "అమ్మా, ఆ రెండు నట్లు ఇలా ఇస్తారా? మేం ఇంటికెళ్లాలి."

నట్లు బిగించి జీపెక్కాడు. మేడం ఇంకా కదలనివ్వలేదు.

"నీ సంగతి తేలలేదు. అడక్కుండా నీ మీద పెత్తనం చేశాను. క్షమిస్తావా?"

"సరే మేడం."

కళ్లజోడు జారింది. "మళ్లీ అడుగుతున్నా."

డ్రైవరుకి నవ్వొస్తోంది. కళ్లూ మసకేస్తున్నాయి. అద్దంలో రెండూ కనిపించిపోతాయి.

"ముందు ఆ వెనక టైరు చూసొస్తారా మేడం? గాలి తగ్గినట్టుంది."

మళ్లీ మేడం ఒక్క మారైనా మళ్లీ అడక్కుండా దిగి వెళ్లి, నాలుగు టైర్లూ వరసగా తన్ని చూశారు.