రెండు ఊళ్ల కరెంటు

అప్పుడప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన రోజులు. కర్నూలులో బండల షాపు నడిపే పెద్దాయన ఒకరు నన్ను నమ్మి తన కంప్యూటరు అప్పగించారు. ఆయన పాలిష్ ఫ్యాక్టరీ ఓర్వకల్లు దగ్గర ఉండేది. అక్కడ ఏ సైజు బండలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఆయన ఫోనులో అరిచేవారు. కోత మిషన్ల మోతలో అవతలివాళ్లూ అరిచేవారు. షాపుకొచ్చినవాళ్లకు రెండు వైపులా ఉచితంగా వినపడేది.

ఆ అరుపులు మాన్పిస్తానని నేనొక ప్రోగ్రాము రాసిచ్చాను. ఫ్యాక్టరీ కంప్యూటరులో ఉన్న ప్రతి బండకూ షాపు కంప్యూటరులో ఒక ప్రతినిధి ఉంటుంది. ఇక్కడ ప్రతినిధిని అడిగితే అది అక్కడి అసలును అడిగి జవాబు తెస్తుంది. ఆ రాయబారమంతా నడిపేది ఒక ఓపెన్ సోర్సు లైబ్రరీ, అంటే ఎవరో రాసి అందరూ వాడుకోమని వదిలిన కోడు. డబ్బివ్వక్కర్లేదు, లోపలి కోడంతా కనబడుతుంది. కనబడుతుంది అన్నాను గానీ, అర్థమవుతుంది అనలేదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత షాపులో ప్రోగ్రాము కూలడం మొదలుపెట్టింది. కొనేవాళ్లు ఎదురుగా ఉండగానే తెర మీది బండలన్నీ మాయమయ్యేవి. కూలిన ప్రతిసారీ పెద్దాయన ఒక శాంపిల్ బండ తెచ్చి కంప్యూటరు టేబులుకు ఆనించేవారు. నేను కుర్చీ లాక్కునే చోటు తగ్గిపోతూ వచ్చింది.

"ఏమప్పా, ఆదివారం దాకా చూస్తా," అన్నారు చివరికి. "అప్పటికీ ఇట్లే పడిపోతాంటే ఈ టేబులు శాంపిల్స్‌కు పనికొస్తాది. నాకు ఫోనుండాది, గొంతుండాది."

నేను బయటివాళ్లకు రాసిన మొదటి ప్రోగ్రాము అది. ఆ టేబులు పోతే ఊళ్లో ఇంకే షాపూ నన్ను మెట్టెక్కనివ్వదు. బండల షాపుకు తగ్గ బండబుర్ర దొరికిందని ఎవరైనా అనకముందే నేనే అనుకుని పనిలో దిగాను.

ఇంట్లో నా కంప్యూటరు మీద షాపు ప్రోగ్రామునూ ఫ్యాక్టరీ ప్రోగ్రామునూ పక్కపక్కన నడిపాను. బండలు ఎక్కించాను, దించాను, అమ్మాను, విరగ్గొట్టాను. కూలలేదు. తన ప్రోగ్రామును కూలమని బతిమాలుకున్నవాణ్ని జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను. మధ్యలో కరెంటు కోత వేళయితే లేచి వెళ్లి అన్నం తినేవాణ్ని. కరెంటు రాగానే మళ్లీ మొదలు.

ఒకరోజు అలాగే కరెంటు పోతే, లేవబోయి కూర్చుండిపోయాను. మా ఇంట్లో రెండు ప్రోగ్రాములూ ఒకే కరెంటు మీద బతికి, ఒకేసారి పోతున్నాయి. ఒకదాని చావు రెండోది చూడట్లేదు. టౌనులో షాపున్న వైపు కోత పొద్దున, షాపు తెరవకముందే. ఓర్వకల్లులో మధ్యాహ్నం. షాపు ప్రోగ్రాము కూలేదీ మధ్యాహ్నాలే. ఇంత చిన్న సంగతికి ఇన్ని పూటలు అన్నం తిన్నాను.

ఊహ సరిపోదు, చూడాలి. షాపులో కూర్చుని, ఫ్యాక్టరీలో కంప్యూటరు చూసుకునే మేస్త్రీకి ఫోను చేసి, అది నడుస్తుండగానే ప్లగ్గు పీకమన్నాను. ఆయన పీకనన్నాడు.

"నువ్వే గదప్పా కాగితం అంటిస్తివి, నేరుగా ఆపగూడదని? అది సూసినప్పట్నుంచి నేను ఫ్యాను ఆపాలన్నా ఆలోచన చేస్తాండా."

పెద్దాయన ఫోను తీసుకుని చెప్పినా వినలేదు. కాగితం గోడ మీద ఉన్నంతసేపూ తన చెయ్యి రాదన్నాడు. సరే, ముందు దాన్ని చింపమన్నాను. చింపిన చప్పుడు ఫోనులో వినిపించాక ప్లగ్గు పీకాడు.

షాపు తెర మీది బండలు నా కళ్లముందే మాయమయ్యాయి. సంతోషంతో చప్పట్లు కొట్టాను. పెద్దాయన ఇంకో బండ తేవడానికి లేచారు.

"ఆగన్నా, ఇది నేను కూల్చింది," అన్నాను.

ఈసారి కూలిన చోటు దొరికింది. అవతలి యంత్రం చచ్చిందని తెలియగానే లైబ్రరీ ప్రతినిధులన్నిటినీ తుడిచేస్తోంది, ఎవరికీ చెప్పకుండా. తెలియని నా ప్రోగ్రాము వాటినే మళ్లీ వదిలించుకోబోయి లేనిచోట కాలు పెడుతోంది. ముందు నా ప్రోగ్రాముకు కబురు చెప్పి, అది వదిలాకే తుడిచేలా లైబ్రరీని దిద్ది షాపులో ఎక్కించాను. ఆ దిద్దుబాటును దాన్ని చూసుకునే వాళ్లకూ పంపాను. అందులో ఒకాయన ఎక్కడో చల్లటి దేశం నుంచి మర్యాదగా అడిగాడు, ఒక యంత్రం మాటైనా చెప్పకుండా పోవడం అంత తరచుగా జరుగుతుందా అని. రోజూ భోజనాల వేళ జరుగుతుందనీ, ఏ ఊళ్లో ఎప్పుడో పేపర్లో వేస్తారనీ రాశాను. దిద్దుబాటును రెండుసార్లు తిరగరాయించి మరీ తీసుకున్నారు.

అంతకంటే ముందే శనివారం వచ్చింది. మధ్యాహ్నం షాపులో ఇల్లు కట్టుకుంటున్న దంపతులు వంటింటి గట్టుకు బండ అడుగుతున్నారు. ఓర్వకల్లులో కరెంటు పోయే వేళయింది. తెర మీది బండలు బూడిదరంగుకు తిరిగాయి. పైన ఒక వాక్యం వచ్చింది: ఫ్యాక్టరీ అందడం లేదు, ఇవి చివరిగా చూసిన బండలు. ప్రోగ్రాము నిలబడే ఉంది. నేను కూర్చునే ఉన్నాను గానీ ఊపిరి మాత్రం నిలబడింది.

పెద్దాయన తెర చదివారు. నమ్మకుండా ఫ్యాక్టరీకి ఫోను చేసి, కరెంటు లేదని రూఢి చేసుకుని పెట్టేశారు.

"పోతే పోయిందని చెప్తాండాది. మనిషి గూడా ఇంతకన్నా ఏం జెప్తాడు," అన్నారు.

వంగి, టేబులుకు ఆనించిన బండల్లో ఒకటి తీసి ఆ దంపతులకు చూపించారు. చూపించాక దాన్ని మళ్లీ టేబులు దగ్గరికి తేకుండా ఎదుటి గోడకు ఆనించారు.

"మిగతావి నువ్వు మోయల్ల అప్పా," అన్నారు నావైపు తిరక్కుండానే.

మోశాను. నా ప్రోగ్రాము ఎన్నిసార్లు కూలిందో ఆ సాయంత్రం నడుముకు తెలిసింది.