తల దించి ఆడేవాడు

దుబాయ్ సత్వాలో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో మూడు గదులూ ఒక హాలూ ఉండేవి. ఒక గదిలో నేనూ మా ఆయనా. మిగతా రెండింటిలో నిజామాబాద్, సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చిన మగవాళ్లు. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ఏసీ మెకానిక్కు. వంటిల్లు వంతులవారీగా వాడుకునేవాళ్లం, హాలు అందరిదీ. చుట్టుపక్కల ఏ ఫ్లాట్‌లో చూసినా టీవీలో క్రికెట్టే నడిచేది. మా హాల్లో మాత్రం హాకీ. అందుకు కారణం కాకా.

ఆయన్ని అందరూ కాకా అనే పిలిచేవాళ్లు. నేను అన్నయ్యా అనేదాన్ని. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. వయసులో ఉండగా రైల్వే వాళ్ల జట్టుకి ఆడాడు. తర్వాత దుబాయ్ వచ్చి ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ మీద పనిచేస్తూ తల నెరిశాడు. ఆయనతో వాదనకి దిగేది స్కూలు బస్సు నడిపే నిజామాబాద్ డ్రైవరు. ఆ అబ్బాయికి హాకీ మీద మొదట్లో ఏ మోజూ లేదు. కాకాని ఉడికించడానికే ఆట నేర్చుకున్నాడు, ఆ తర్వాత అందులోంచి బయటపడలేకపోయాడు.

ఇండియాలో ఊళ్ల పేర్లతో జట్లు కట్టి హాకీ లీగ్ ఆడించిన రోజులవి. హైదరాబాద్‌కీ ఒక జట్టు ఉండేది. అది మా హాలు మొత్తానికి సొంత జట్టు. చీరాల దగ్గర పుట్టిన నేనూ దాన్ని మన జట్టనే అనేదాన్ని. దానికి నా కారణం వేరే ఉంది. మా తమ్ముణ్ని చిన్నప్పుడే పరీక్షలు పెట్టి హైదరాబాద్‌లో స్పోర్ట్స్ స్కూలుకి తీసుకెళ్లారు. అక్కడే హాస్టల్లో ఉండి చదువూ ఆటా నేర్చుకున్నాడు. సెలవులకి ఊరొచ్చినప్పుడు చేతిలో బట్టల సంచి ఉన్నా లేకపోయినా హాకీ స్టిక్ మాత్రం ఉండేది. వాడి సంగతి ఫ్లాట్‌లో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అప్పటికి ఏమీ లేదు కూడా.

ఒక శుక్రవారం ఉదయం వాడి ఫోనొచ్చింది.

"అక్కా, నన్ను తీసుకున్నారు."

"ఎక్కడికి?"

"జట్టులోకి అక్కా. మన హైదరాబాద్ జట్టే. రైట్ హాఫ్."

వెనక రోడ్డు మీద ఆటోల చప్పుడు. వాడింకేదో అంటున్నాడు గాని నాకు వినపడలేదు. కళ్లు తుడుచుకుంటూ ఊఁ కొట్టాను. అమ్మకి చెప్పావా అంటే, నీకే ముందన్నాడు. ఫోన్ పెట్టేసి, వంటింట్లో నా వంతు కాకపోయినా అడిగి మరీ పొయ్యి వెలిగించి సేమ్యా పాయసం కాచాను. గ్లాసుల్లో పోసి ప్లేటులో పెట్టుకుని, అందరికీ ఒకేసారి చెబుదామని హాల్లోకి వెళ్లాను.

నేను వెళ్లేసరికే అక్కడ యుద్ధం నడుస్తోంది. డ్రైవరు నెట్ కేఫ్‌లో జట్టు జాబితా ప్రింటు తీయించుకొచ్చాడు. కొత్తగా తీసుకున్న కుర్రాడి మీదే మాటంతా.

"ఊరు పేరు లేని పోరన్ని తెచ్చిండ్రు కాకా. గిట్లనే ఓడిపోతం మనం," అంటున్నాడు డ్రైవరు.

"నీకేమెర్క? నేను చూసిన వాన్ని. పోయినేడు ఛుట్టీ పోయినప్పుడు జింఖానా గ్రౌండ్ల జూనియర్ల మ్యాచ్ ఆడిండు. ఉరుకుడు మంచిగనే ఉరుకుతడు. చేతులు సుత మంచిగున్నయ్."

"మరింకేంది?"

"తల. బాల్ దొరకంగనే తల కిందికేస్తడు. పక్కకెవడున్నడు, ముంగటెవడున్నడు, ఏం చూడడు. నడుమ నిలవడి ముంగటోళ్లకు బాల్ అందియ్యాలె హాఫ్ ఆడేటోడు, వానికి గది పెద్ద ఐబు. పెద్ద టీములు వాన్ని ఊకె మింగేస్తయ్."

"గందుకే అంటున్న. దండగ. వీన్ని తీసుకున్నంక ఈ ఏడు మన పని ఖలాస్."

"దండగ అనలే నేను. నేర్పుతె నేర్చుకుంటడు అంటున్న."

వాళ్లు మాట్లాడేది మా వాడి గురించేనని అర్థమైంది. ప్లేటు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఆయన నన్ను చూసి చిన్నగా తల ఊపాడు, చెప్పెయ్యమన్నట్టు. కాకా నా చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ, "నువ్వేమంటవ్ చెల్లె?" అన్నాడు మాటవరసకి.

"వాడు మా తమ్ముడన్నయ్యా," అన్నాను.

డ్రైవరు చేతిలో కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎటు చూడాలో తెలీక పాయసం గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కాకా మాత్రం నా మొహంలోకి అలాగే చూశాడు. పోలిక వెతుకుతున్నాడేమో. కాసేపటికి, "అట్లైతే వానికి చెప్పు చెల్లె, తల ఎత్తుమని," అన్నాడు. ఆ తర్వాత పాయసం తాగి, బాగుందన్నాడు.

ఆ మాట నేను వాడికి చెప్పాను. వాడు నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. "నిజమే అక్కా. మన ఊళ్లో బడి వెనక రాళ్లల్లో ఆడేవాణ్నిగా. బంతి ఎటు ఎగురుద్దో తెలీదు. చూపు తీస్తే పళ్లు రాలతయ్యి. ఇప్పుడు టర్ఫ్ మీద కూడా మెడ లేవట్లేదు. మా కోచ్ కూడా అదే అంటాడు. ఎవరాయన?"

అలా మొదలైంది. కాకా నాతో చెప్పడం, నేను ఫోన్లో వాడికి చెప్పడం. బంతి రాకముందే ఒకసారి ఎడమకి చూసుకోమను. గోడకి కొట్టి ప్రాక్టీస్ చేసేటప్పుడు కళ్లు బంతి మీద కాకుండా గోడ పైన పెట్టమను. వాడు తిరిగి ఏదైనా అడిగితే కాకా ఒక పూటంతా ఆలోచించి జవాబిచ్చేవాడు. కాకాకి పిల్లల్లేరు. భార్య చాలాకాలం కిందటే పోయింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, నిద్రపోకుండా, నేను ఆసుపత్రికి బయల్దేరే ముందు గుమ్మం దగ్గర నిలబడి, "పోరడు ఏమన్నడు?" అని అడిగేవాడు.

మొదటి మ్యాచుల్లో వాణ్ని బెంచీ మీదే కూర్చోబెట్టారు. కెమెరా అటు తిరిగినప్పుడల్లా డ్రైవరు, "అగో, తమ్మి," అనేవాడు. తర్వాతొక మ్యాచ్‌లో సీనియర్ ఆటగాడు అలిసిపోతే వాణ్ని దింపారు. వాడు బంతి అందుకున్నాడు. తల ఎత్తాడు. ఎడమకి చూసి, పొడుగ్గా దూరంగా ఉన్న ఫార్వర్డ్‌కి కొట్టాడు. అందులోంచి గోల్ ఏమీ రాలేదు. చూసేవాళ్లకి అది మామూలు పాస్. కాని కాకా సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సీజను అయిపోయాక ప్రాక్టీసులో వాడి మోకాలు తిరిగింది. ఎవరూ తగల్లేదు, ఎవరి తప్పూ లేదు. పరిగెడుతూ మలుపు తీసుకున్నాడు, పాదం నేల మీదే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. లోపల ఏదో తెగిన చప్పుడు వినపడిందని ఫోన్లో చెప్పాడు. ఆ తర్వాత కాలు తన మాట వినట్లేదన్నాడు. నేను ఆర్థో వార్డులో పనిచేసినదాన్ని. ఆ చప్పుడు గురించి ఎంతోమంది మంచం మీద పడుకుని చెప్పగా విన్నాను. డాక్టరు వాడికి చెప్పకముందే నాకు తెలిసిపోయింది. "వాపు తగ్గనీ, చూద్దాం," అన్నాను.

ఆపరేషన్ చేశారు. కట్టు విప్పారు. వ్యాయామం చేయించారు. నడక వచ్చింది, పరుగు కూడా కొంచెం వచ్చింది. మలుపు రాలేదు. మరుసటి ఏడు జట్టులో వాడి పేరు లేదు. కాకా నన్ను అడగడం మానేశాడు. గుమ్మం దగ్గర ఎదురుపడితే, "డ్యూటీకా చెల్లె," అనేవాడు అంతే.

మా ఆయన ఎవరెవర్నో పట్టుకుని వాడికి షార్జా దగ్గర సజ్జాలో ఒక గోడౌన్లో స్టోర్ కీపరు పని ఇప్పించాడు. కంపెనీ లేబర్ క్యాంపులో ఉండేవాడు, శుక్రవారాలు మా దగ్గరికొచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు కాకా ఉతికిన చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాడు. అన్నాళ్లుగా నా నోటి మీదుగా మాట్లాడుకున్న మనుషులు ఎదురెదురుగా నిలబడ్డారు. వాడు వంగి కాకా కాళ్లకి దణ్ణం పెట్టబోతే, ఆయన వంగనీయకుండా రెండు భుజాలూ పట్టుకున్నాడు. మోకాలి కోసమే అలా పట్టుకున్నాడని నాకనిపించింది. "తిన్నవా బిడ్డా?" అని ఒక్కటే అడిగాడు. హాకీ మాట ఎత్తలేదు. ఆ రోజు టీవీ కూడా ఎవరూ పెట్టలేదు.

తర్వాతి సీజనుకి జాబితా వచ్చింది. డ్రైవరు అలవాటు కొద్దీ ప్రింటు తెచ్చాడు గాని, తమ్ముడు కూర్చుని ఉండటం చూసి జేబులోనే ఉంచేశాడు. వాడు అది కనిపెట్టాడు.

"చదవన్నా. నాకేం కాదు."

డ్రైవరు కాకా వైపు చూశాడు. కాకా వద్దనలేదు. చదివాడు. రైట్ హాఫ్‌లో కొత్త కుర్రాడు. మా వాడి స్కూలే, రెండు క్లాసులు కింద. ఇదివరకు అలాంటి పేరు వినపడితే హాల్లో అరగంట గొడవయ్యేది. ఇప్పుడు అందరూ తమ్ముడి నోటి వైపే చూస్తున్నారు.

"మంచోడన్నా," అన్నాడు. "నాకంటే బాగా ఆడతాడు."

"అట్లనకు తమ్మి," అన్నాడు డ్రైవరు.

"లేదన్నా, నిజం. బంతి అందకముందే ఎటు కొట్టాలో చూసుకుంటాడు. నాకది ఎవరో చెబితే గాని రాలా. వాడికి పుట్టుకతోనే వచ్చింది. వాణ్ని తీసుకోవడం మంచి పనే."

ఏ తడబాటూ లేకుండా, ఎవరి గురించో చెప్పినట్టే చెప్పాడు. కాకా లేచి వంటింట్లోకి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి. నేను వెళ్లి చూస్తే, సింకులో గిన్నెలేమీ లేవు. ఆయన గట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను వెనక్కి వచ్చేశాను.

తమ్ముడు నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ప్యాంటు పైకి మడిచాడు. కుట్ల గీతకి పైన ఒకప్పుడు రాయిలా ఉండే తొడ కండ సన్నబడిపోయి ఉంది. "చూడక్కా," అన్నాడు. అప్పటిదాకా వాడు నన్నెప్పుడూ చూడమనలేదు. నేనూ అడగలేదు. నేల మీద కూర్చుని, మడమ పట్టుకుని మెల్లగా వంచాను. కొంతదాకా వంగింది. అక్కడ ఆగింది.

"ఇంకా వంగుద్దా?"

వార్డులో ఈ ప్రశ్నకి నా దగ్గర బోలెడు జవాబులుండేవి. వ్యాయామం మానొద్దు, ఓపిక పట్టాలి, దేవుడి మీద భారం వెయ్యండి. మడమ వదిలి వాడి మొహంలోకి చూశాను.

"ఇంతేరా," అన్నాను.

"సరే," అన్నాడు. ప్యాంటు కిందికి లాక్కున్నాడు. కాసేపు నా తల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు, వాడే పెద్దవాడైనట్టు. ఏడ్చింది నేనే.

ఆ ఏడాది చివర్లో వాడికి అబుదాబి దాటి దూరంగా ఉన్న రువైస్‌లో కాస్త మంచి ఉద్యోగం దొరికింది. కాకా కళ్లు సరిగా ఆనక ప్రెస్సు పని మానేసి సికింద్రాబాద్ వెళ్లిపోయాడు. లీగ్ కూడా ఆగిపోయింది. రువైస్‌లో కంపెనీ క్వార్టర్ల వెనక గ్రౌండ్ ఉందని, సాయంత్రాలు పాకిస్తాన్ వాళ్లు హాకీ ఆడతారని మా ఆయనకెవరో చెప్పారు. వెళ్తున్నావా అని ఫోన్లో అడిగాను.

"చప్పుడు వినపడుద్దక్కా, స్టిక్ బంతికి తగిలేది," అన్నాడు. "మార్కెట్టు దారి ఆ గ్రౌండ్ పక్కనే. నేను చుట్టూ తిరిగి పోతన్నాను."