మామయ్య నిద్రపోయిన విమానం

మా మేనమామ, విమాన శిక్షకులు కెప్టెన్ కోటేశ్వరరావు గారు ఇక లేరు. మాచర్ల నుంచి అమ్మ ఫోన్ చేసి, "మీ మామయ్య పోయాడే" అన్నప్పుడు నేను డ్యూటీ ఎక్కబోతున్నాను. "నిన్ననేగా మాట్లాడింది!" అని అమ్మ మీదే అరిచాను. మనసు చెదిరిన నాడు కాక్‌పిట్ ఎక్కరాదని నేర్పిన గురువు ఆయనే. సెలవు పెట్టి బయల్దేరాను.

మా తాతయ్యకు మాచర్లలో నాపరాళ్లు తోలే లారీలుండేవి. కొత్త డ్రైవరు వస్తే లోడుతో సాగర్ దాకా తోలమని, తాను క్యాబిన్‌లో వెనక బల్ల మీద పడుకునేవాడు. తనకు నిద్రపడితేనే ఆ డ్రైవరుకు ఉద్యోగం. ఎవరైనా లైసెన్సు చూపిస్తే, "అది పోలీసోళ్లకి చూపించుకో, నాకు కునుకు పట్టాల" అనేవాడట. ఆ ఇంట పుట్టి గగనవీథికెక్కిన మామయ్య ఎందరినో వైమానికులుగా తీర్చిదిద్దారు. ఎవరినీ తొందరపడి లైసెన్సు టెస్టుకు పంపలేదు.

నన్నూ పంపలేదు! రాతపరీక్షలు పాసయ్యాను, మెడికల్ అయింది, చట్టం అడిగే రెండు వందల గంటలూ ఎగిరాను. ఒక విమానసంస్థ ఎంపికలకు గడువు ముంచుకొస్తోంది. లైసెన్సు టెస్టుకు నన్ను పంపవలసింది ఆయనే. "దించేటప్పుడు అడ్డగాలి కొడితే నీ చెయ్యి ఇంకా బిగుసుకుంటంది" అని ఆపేశారు. నేను ఏడ్చి అమ్మకు చెప్పాను.

అమ్మ వచ్చి విరుచుకుపడింది. "ఏందన్నయ్యా, ఊరందరి పిల్లల్ని పైలెట్లని చేస్తివి, సొంత మేనకోడలికే అడ్డం పడతావా? గంటలు నిండినయ్యిగా!"

"అది చట్టం అడిగే తక్కువలో తక్కువమ్మా. వెనక పిల్లాజెల్లాతో కూర్చునేవాళ్లకి ఆ తక్కువ చాలదు. నాయన బతికుంటే దీని బండిలో కునుకేసేవాడా? నువ్వే చెప్పు."

ఆ ఎంపికలు చేజారిపోయాయి. నేను అలిగాను, ఆయన పట్టించుకుంటేనా! గాలి జోరుగా ఉన్న రోజులు చూసి మరీ నన్ను ఎక్కించేవారు. చివరికొకనాడు విమానం దించాక, "చానా బాగుందే. పో, టెస్టుకి పో" అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయినంతగా చేతికి లైసెన్సు వచ్చిననాడు కూడా పొంగలేదు.

మరో సంస్థలో ఉద్యోగం వచ్చాక, కో-పైలెట్‌గా నేను నడిపిన తొలి విమానాల్లో ఒకదానికి అమ్మా, మామయ్యా ప్రయాణికులుగా వచ్చారు. దిగేసరికి అమ్మ కుర్చీ చేతులు పట్టుకొని బిగుసుకుపోయి ఉందట. పక్కన మామయ్య గురక! ఎయిర్‌హోస్టెస్ లేపితే గానీ లేవలేదట. గర్వంతో నాకు కళ్లు చెమర్చాయి.

వచ్చే నెల నేను కెప్టెన్‌గా ఎడమ సీట్లో కూర్చోబోతున్నాను. "ఆ రోజు ఇంకో కునుకేస్తా" అని మాట ఇచ్చిన మహనీయుడు వెళ్లిపోయారు. అటువంటి ఆచార్యుడు మా పల్నాటికి మళ్లీ దొరకడు. ఆయన పాదాలకు నా వందనాలు.

నరసరావుపేట బస్సెక్కినా రెప్ప వాల్చని మా అమ్మ, పెద్దకర్మ నాడు నా చెయ్యి పట్టుకొని అంది: "ఆ రోజు నేనొస్తానే. మీ మామయ్య లేడుగా, నేనే పడుకుంటా."